బల్లకి ఇవతల

మగ్గులు తోమడానికి ఇసుకే వాడాలి. సబ్బు వాసన వచ్చిందంటే పద్దెనిమిదో శతాబ్దం పాడైపోతుందని మా ఆయన వెండెల్ అంటాడు. నిజంగా పాడయ్యేవి నా గోళ్ళు. శనివారం మధ్యాహ్నం గుడారం వెనక తొట్టి ముందు గొంతుక్కూర్చుని తగరపు మగ్గులు తోముతున్నాను. ముందు వైపు నుంచి అతని గొంతు ఖంగుమంది. "రండమ్మా, రండి! ఇదిగో, ఈమే నా ధర్మపత్ని!" చేతిలో మగ్గుతో సహా లేచి నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, పిలిస్తే లేవడం. గుడారపు గుడ్డ తొలగించి చూస్తే, అతను నడుం మీద చెయ్యి వేసి జనం ముందుకి తీసుకొచ్చింది కోరిన్‌ని. మళ్ళీ కూర్చుని ఇంకో పిడికెడు ఇసుక వేశాను.

ఇందులో రహస్యం ఏమీ లేదు, అందరికీ తెలిసిన ఆటే. ఏడాదికి నాలుగైదుసార్లు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, మా కరోలినా తీరంలో ఏదో ఒక పార్కులో గుడారాలు వేసుకుని మేమంతా మూడు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళి సముద్రపు దొంగలమైపోతాం. చూడటానికి జనం పిల్లల్ని వేసుకుని వస్తారు. మామూలు రోజుల్లో వెండెల్ ఏసీలు బిగించే కంపెనీలో మేనేజరు, ఇక్కడ కెప్టెన్. మామూలు రోజుల్లో నేను హైస్కూల్ క్యాంటీన్‌లో వంటమనిషిని, ఇక్కడా వంటమనిషినే. కాకపోతే ఇక్కడ నాకొక టావెర్న్ ఉంది. అంటే ఒక పెద్ద గుడారం, ముందొక పొడుగాటి బల్ల, బల్లకి అటు జనం, ఇటు నేను. అల్లం బీరు ఇంట్లోనే పులియబెట్టి తెస్తాను. రొయ్యల పులుసు, మొక్కజొన్న రొట్టె ఇక్కడే కట్టెల మీద వండుతాను. ఐసు డబ్బా కనిపించకుండా దాని చుట్టూ పాత పీపా చెక్కలు కట్టాను. చెకుముకి రాయితో నిప్పు రాజేయడం మా గుంపులో నాకంటే బాగా ఎవరికీ రాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమే చెబుతున్నాను, ఇంకెవరూ చెప్పరు కనక.

ఈ టావెర్న్‌లో నేను వెండెల్ భార్యని కాదు. విధవని. ఆ రోజుల్లో పెళ్ళైన ఆడదాని పేరు మీద టావెర్న్ లైసెన్సు ఇచ్చేవారు కాదట. మొగుడు పోయినదానికైతే బతుకుతెరువు కోసం ఇచ్చేవారట. ఎక్కడో చదివాడు. "కాబట్టి నువ్వు విధవ్వి డార్లీ!" అన్నాడు పన్నెండేళ్ళ కిందట, ఏదో బహుమతి తెచ్చినంత సంబరంగా. నల్ల టోపీ కుట్టుకోమన్నాడు, కుట్టుకున్నాను. నా పెళ్ళి ఉంగరం ఈ కాలపు తరహాది, అది కనిపిస్తే తప్పు. శుక్రవారం గేటు దగ్గరే తీసి దాల్చినచెక్క డబ్బాలో వేస్తాను. ఆదివారం సాయంత్రం గేటు దాటగానే "ఉంగరం పెట్టుకో" అని అతనే గుర్తుచేస్తాడు. అంతటితో ఆగలేదు. మా గుంపుకి నిబంధనలు రాసింది కూడా అతనే. ప్రతి శుక్రవారం తెరచాప కొయ్య కింద నిలబడి అందరికీ చదివి వినిపిస్తాడు. అందులో ఒకటి నా గురించి: టావెర్న్ బల్ల లైసెన్సు ఉన్న విధవరాలిది, బల్ల వెనక, ఆమె వైపు, కెప్టెన్ మాట కూడా చెల్లదు, ఆమె పిలవనిదే అడుగు పెట్టరాదు. అది చదివేటప్పుడు నా వైపు కన్నుగీటుతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

జనానికి విధవంటే భలే సరదా. అల్లం బీరు చప్పరిస్తూ, "పాపం, మీవారెలా పోయారండీ?" అని అడుగుతారు. నేను ఒక్కోసారి ఒక్కో చావు చంపేదాన్ని. జ్వరంతో పోయాడని, తెరచాప కొయ్య మీంచి పడ్డాడని, పాచిపోయిన ఆల్చిప్పలు తిన్నాడని. పక్కనే ఉంటే వెండెల్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఈ వసంతంలో కోరిన్ వచ్చింది. అతని ఆఫీసులో చేరిన పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభై దగ్గర పడుతోంది. జుట్టు ఎర్రగా ఉంటుంది, నవ్వితే పక్క గుడారంలో వాళ్ళు కూడా తిరిగి చూస్తారు. "కెప్టెన్‌కి ఒక భార్య ఉండాలి కదా, జనం అడుగుతున్నారు," అన్నాడు వెండెల్. ఉందిగా, అనబోయాను. "నువ్వు విధవ్వి కదా," అన్నాడు, లెక్కల్లో తప్పు పట్టుకున్నట్టు. నాకు గుర్తుంది, మొదటి ఏడాది నా లంగా లోపలి కుట్టు మిషను మీద వేశానని తిరగేసి చూసి, రాత్రికి రాత్రి మొత్తం విప్పించి చేత్తో కుట్టించాడు. లోపలి కుట్టు ఎవరికి కనబడుతుందంటే, "నాకు తెలుసుగా," అన్నాడు. కోరిన్ మొదటిసారి జిప్పు ఉన్న లంగాతో వచ్చింది. అడిగితే, "పోనీలే, ఎవరు చూస్తారు," అన్నాడు. తర్వాత, "డార్లీ, నువ్వైతే బాగా కుడతావు, తనకొక పట్టు గౌను కుట్టిపెట్టవా?" అన్నాడు.

కుట్టాను. క్యాంటీన్ నుంచి వచ్చి, గిన్నెలు సర్ది, అతను టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని నా మొగుడి పెళ్ళానికి గౌను కుట్టాను. నడుం దగ్గర వదులు కుట్టు వేస్తే నాలుగు అడుగులకి ఊడిపోతుంది కదా, అని ఒక్క క్షణం అనిపించింది. చెయ్యి ఒప్పుకోలేదు. ఒళ్ళు మండింది దానికి కూడా. పగ తీర్చుకోవడానికి కూడా పనికిరాని చేతులు నావి. గౌను వేసుకుని ఆమె గిర్రున తిరిగింది. వెండెల్ ఆమె వేలికి ఒక వెండి ఉంగరం తొడిగాడు. ఆ కాలపు తరహాది, వెతికి వెతికి తెప్పించాడట. నా ఉంగరం పెళ్ళప్పుడు మా ఇద్దరి తరఫునా నేనే వెళ్ళి కొన్నాను, అతనికి పని ఉందని.

అసూయ అంటే గుండెల్లో ముల్లు గుచ్చుకున్నట్టుంటుందంటారు. నాకు అలా లేదు. ఆకలేసినట్టుంది. ఆమె చేతులు పొడిగా ఉండటం చూస్తే ఆకలి. ఆమె కూర్చుంటే ఆకలి. కెప్టెన్ మగ్గు అందించినప్పుడు అందుకుని, తాగి, పక్కన పెట్టేసి, అది ఎవరు కడుగుతారో ఆలోచించకుండా లేచిపోతే మరీ ఆకలి. వాళ్ళ మధ్య ఏమైనా ఉందా అని మా గుంపులో సరంగు బెర్నీస్ నన్ను సూటిగా అడిగింది. సరుకులూ తగవులూ చూసేది ఆమే. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, గొంతు తగ్గించడం రాదు. "ఏమే, నీ మొగుడు దాన్ని అలా వెంటేసుకు తిరుగుతున్నాడు, నీకు చీమ కుట్టినట్టైనా లేదా?" నటన అని చెప్పాను. అతనూ అదే చెప్పాడు. "నటనే కదా డార్లీ!" నిజమే. కానీ నా దగ్గర అతను నటించడం కూడా మానేసి ఎన్నేళ్ళైందో.

ఆ శనివారం మగ్గులు తోముతుంటే వెండెల్ గుడారం వెనక్కి వచ్చాడు. మూడు మూలల టోపీ తీసి విసురుకుంటూ నిలబడ్డాడు. ఆ టోపీ అంచు కూడా నేను కుట్టిందే.

"రేపు పొద్దున ఓటు పెడుతున్నా," అన్నాడు. "వచ్చే సీజన్ నించి ముందు బల్ల దగ్గర కోరిన్ ఉంటుంది. నువ్వు వెనక వంట చూసుకో."

నేను తోమడం ఆపలేదు. "నా బల్ల దగ్గరా?"

"జనానికి మొహం నచ్చాలి కదా. కోరిన్‌ని చూడు, ఫొటోలు తీసుకోడానికి క్యూ కడుతున్నారు. నువ్వేమో పొగలో, చెమటలో... నీ మంచికే చెబుతున్నా. నీకూ శ్రమ తగ్గుతుంది."

"శ్రమంతా వెనకే ఉంది, వెండెల్. ముందు ఉన్నది కబుర్లు."

"అదిగో, ప్రతిదానికీ మెలికలు పెడతావు."

"పెళ్ళాం పేరు మీద లైసెన్సు ఇవ్వరన్నావుగా? ఆవిడ కెప్టెన్ పెళ్ళాం కదా?"

అతను ఒక్క క్షణం ఇబ్బంది పడ్డాడు. నిజంగానే, చరిత్ర కోసం. తర్వాత భుజాలు ఎగరేసి, "పోనీలే, ఎవరు చూస్తారు," అని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఖాళీ మగ్గు తొట్టి అంచు మీద పెట్టాడు. తొట్టిలో కాదు, అంచు మీద.

మా అత్తగారు బతికున్న రోజుల్లో అనేది, "మా వాడికి ఆటలంటే ప్రాణం, నువ్వే కాస్త సర్దుకోవాలమ్మా" అని. చిన్నప్పుడు అతను ఇల్లంతా కోట కట్టి ఆడేవాడట. ఆవిడ వంట ఆపేసి పొయ్యి ఖాళీ చేసి ఇచ్చేదట, ఫిరంగి పెట్టుకోవడానికి. మురిపెంగా చెప్పేది. నేనూ మురిసిపోయి వినేదాన్ని, ఆ పూట వాళ్ళంతా ఏం తిన్నారో అడగకుండా. సర్దుకోవడం నాకు బాగా వచ్చు. గుడారాలు సర్దుతాను, కొయ్యలు సర్దుతాను, అతని పట్టు మేజోళ్ళు జతలు జతలుగా సర్దుతాను. ఇప్పుడు నన్ను నేను గుడారం వెనక్కి సర్దుకోవాలి. జనంతో రెండు మాటలు మాట్లాడి, వాళ్ళు నవ్వితే నవ్వి, "ఏంటమ్మా ఇవాళ పులుసు అదిరింది" అంటే పొంగిపోయే ఆ కాస్త జాగా ఖాళీ చేసి ఇవ్వాలి. వారమంతా క్యాంటీన్ కిటికీలోంచి పళ్ళాలు అందిస్తాను, ఏ పిల్లా తలెత్తి చూడదు. మొగుణ్ణి పంచుకోమంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. బల్లని పంచుకోమంటే నాకు ఊపిరి ఆడలేదు.

కాసేపటికి కోరిన్ వచ్చింది, పక్కటెముకలు పట్టుకుని. "డార్లీన్ గారూ, చచ్చిపోతున్నానండీ. కాస్త వదులు చెయ్యరా?" సూది తీసుకుని ఆమె నడుం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెండి ఉంగరం నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఒక కుట్టు విప్పి మళ్ళీ వేస్తుంటే ఆమె గుసగుసగా అంది.

"మీకు కోపంగా ఉందా?"

"సూది నోట్లో ఉంది, మాట్లాడలేను," అన్నాను, సూది చేతిలోనే ఉన్నా.

"ఆ ఓటు సంగతి నేనడగలేదండీ. ఆయనే అన్నాడు. నాకు చారు పెట్టడం కూడా రాదు." "మీ దగ్గరికొస్తే జనం కూర్చుంటారు. నా పక్కన నిలబడి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. పొద్దుట్నించీ ఆయన పెళ్ళాంలా నిలబడ్డానా, ఒక్క మాట నోట్లోంచి రానివ్వలేదు. నేనేదో చెప్పబోతే చెయ్యి నొక్కుతాడు. ఇందాక ఆయన చొక్కా చేతుల లేసు ఊడిందని నా ఒళ్ళో పడేశాడు, కుట్టమని. నాకు కుట్టడం రాదంటే నవ్వుతాడేంటండీ?"

జాలి పడాల్సింది. పడలేదు. ఆమె నడుం నా చేతుల మధ్య సన్నగా, వెచ్చగా ఉంది, నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. కానీ లేచి చేతులు తుడుచుకుంటుంటే, బల్ల మీద నేను పెట్టిన నల్ల టోపీ కనబడింది. దాన్ని చూస్తే ఒక వింత సంగతి తోచింది. ఈమె వేలి ఉంగరం మీద కాదు నా ఏడుపు. ఆ ఉంగరం సుఖమేంటో ఇందాక ఆమే చెప్పింది. నేను కుళ్ళుకుంటున్నది ఆ విధవని చూసి. దానికొక బల్ల ఉంది. దాని గుమ్మంలో కెప్టెన్ కూడా టోపీ తీసి నిలబడాలి. పొద్దున లేస్తే ఎవరి మేజోళ్ళూ వెతకక్కర్లేదు. పన్నెండేళ్ళుగా దాని టోపీ పెట్టుకుని, దాని పేరుతో నవ్వించి, ఆదివారం సాయంత్రం కాగానే దాన్ని మడిచి పెట్టెలో పెట్టి నా ఇంటికి నేను నౌకరుగా వెళ్ళేదాన్ని. అంత కుళ్ళు నాలో ఉందని నాకే తెలియదు.

ఆదివారం పొద్దున నిప్పు రాజేసి కాఫీ పెట్టుకున్నాను. నాకొక్కదానికి. తర్వాత బల్లకి ఇవతల స్టూలు వేసుకుని కూర్చుని తాగాను.

మా గుంపులో ఓటుకి ఒక పద్ధతి ఉంది. అందరూ తలా ఒక మగ్గు తీసుకుని నా బల్ల చుట్టూ చేరతారు. ఒప్పుకున్నవాళ్ళు మగ్గు బోర్లిస్తారు, ఒప్పుకోనివాళ్ళు నిలబెడతారు. ఇదీ వెండెల్ పెట్టిందే. ప్రతి ఆదివారం జనాన్ని లోపలికి వదిలే ముందు బల్ల మీద మగ్గులు కడిగి వరసగా ఉండేవి. అవి కడిగి ఎవరు పెడతారో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు బల్ల ఖాళీగా ఉంది.

"మగ్గులేవీ?" అన్నాడు వెండెల్.

"తొట్లో."

"కడగలేదా?"

"లేదు."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెండెల్ మొహం ఎర్రబడింది. "సరే, నేనే తెచ్చుకుంటా," అని బల్ల చుట్టూ తిరిగి రాబోయాడు.

"అక్కడే ఆగు, కెప్టెన్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇవతలికి నేను పిలవనిదే రాకూడదు. మొన్న శుక్రవారం నువ్వే చదివావు."

"డార్లీ, ఇప్పుడు ఆటలేంటి? ఇది ఓటు."

"కోరిన్ నీ పెళ్ళాం అన్నప్పుడు ఆటా? నా బల్ల లాక్కునేటప్పుడు మాత్రం ఆట కాదా?"

ఎవరూ నవ్వలేదు. వెండెల్ బెర్నీస్ వైపు చూశాడు, సర్ది చెప్పమన్నట్టు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. "నా వైపు చూస్తారేం కెప్టెన్ గారూ? రూలు మీరే రాశారు. విధవరాలు రమ్మంటే వెళ్ళండి."

"పోనీ చేతులెత్తండి, సరిపోతుంది," అన్నాడు వెండెల్.

"మగ్గు లేని ఓటు చెల్లదని పోయినేడాది నా మీద ఇంతెత్తున లేచింది మీరే కదండీ!"

వెండెల్ బల్ల మీదకి వంగి గొంతు తగ్గించాడు. "అందరి ముందూ పరువు తీస్తున్నావు. ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"ఇంట్లో నీ పెళ్ళాంతో మాట్లాడు," అన్నాను. "ఇక్కడ నాతో మాట్లాడుతున్నావు."

తర్వాత లేచి తొట్టిని ఈడ్చుకొచ్చి బల్లకి అవతల పెట్టాను. పక్కన ఇసుక బొచ్చె పెట్టాను. "ఓటు కావాలంటే ఎవరి మగ్గు వాళ్ళు తోముకోండి," అన్నాను. కత్తులు వేలాడేసుకున్న మగధీరులంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మొదట కోరిన్ కూర్చుంది, పట్టు గౌనుతోనే. అంచు తడిసి నల్లబడింది, నా కుట్టు గట్టిగా నిలిచింది. వంకరటింకరగా తోమి, మగ్గు తెచ్చి బల్ల మీద నా ఎదురుగా నిలబెట్టింది. బోర్లించలేదు.

"కాస్త కాఫీ పోస్తారా?" అంది.

పోశాను. ఆమె పక్కన బెర్నీస్ మగ్గు నిలబడింది. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. వెండెల్ చేతిలో, తొట్టి అంచు మీంచి తీసుకున్న, రాత్రి రమ్ము ఎండిపోయిన మగ్గు అలాగే ఉంది. ఇసుక ఎంత వేసుకోవాలో అతనికి తెలియదు. అడగడమూ తెలియదు.

అంతలో గేటు తీశారు. జనం వచ్చేశారు. మొదట వచ్చినావిడ నా వయసు మనిషి. ఒక చేతి మీద మగవాడి కోటు, ఇంకో చేతిలో సంచి, నీళ్ళ సీసా. కోటు తాలూకు మనిషి ఖాళీ చేతులు వెనక్కి పెట్టుకుని ఫిరంగి వైపు వెళ్ళిపోయాడు. ఆవిడ నా నల్ల టోపీ చూసి నవ్వింది.

"అయ్యో పాపం! మీవారెలా పోయారండీ?"

జ్వరం, కొయ్య, ఆల్చిప్పలు, అన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ భుజం మీంచి చూస్తే వెండెల్ మగ్గు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, ఎప్పుడూ నవ్వే చోట.

"పోలేదండీ," అన్నాను. "అదిగో, మీ వెనకాలే ఉన్నాడు. ఆ మగ్గు కడుక్కోవడం వచ్చేదాకా నేను విధవనే."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. వెండెల్ కూడా అలవాటుగా నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కోటు, సంచి, సీసా ఒక్కొక్కటే బల్ల మీద పెట్టేసి, చేతులు విదిలించుకుని కూర్చుంది.

కోరిన్ మీద కుళ్ళు పోయిందని చెప్పను. సాయంత్రం ఆమె నడిచి వెళ్తుంటే ఆ ఎర్ర జుట్టు చూసి మళ్ళీ అదే ఆకలి. వెండి ఉంగరం తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. "కెప్టెన్‌కి ఇచ్చెయ్యండి" అంది. ఇవ్వలేదు. అతనే బల్లకి అవతల నిలబడి, "తీసుకోవచ్చా?" అని అడిగి తీసుకున్నాడు.

బండి నేనే నడిపాను. గేటు దాటాక అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, అలవాటు ప్రకారం, "ఉంగరం పెట్టుకో" అన్నాడు. దాల్చినచెక్క డబ్బా మా ఇద్దరి మధ్యే ఉంది. నేను చెయ్యి చాపి దాన్ని అతని ఒళ్ళో పెట్టాను. నల్ల టోపీ ముడి జారుతుంటే ఒంటి చేత్తో బిగించుకున్నాను.

"ఇవాళ ఇంటికొస్తున్నది విధవరాలు, వెండెల్," అన్నాను. "రాత్రికి ఏం వండుతున్నావు?"